ట్రాక్టరు సైజు ఎవరు నిర్ణయించారు?
(భూమి – పనిముట్టు – కులం: 6వ భాగం)

మూడెకరాలున్న దళిత కుటుంబం మొదటిసారి ట్రాక్టరు కొనాలనుకుంటే ఎన్ని హెచ్‌పీలది కొనాలి?

షోరూములో అడిగితే పెద్దదే చూపిస్తారు. ఊళ్లో అడిగితే "మీకెందుకురా ట్రాక్టరు, మా బండి వస్తది కదా" అనేవాళ్లు ఇంకా ఉన్నారు. ఒకటి అమ్మేవాడి మాట, రెండోది ఆధిపత్యం మాట. మన లెక్క మనం వేసుకోవాలంటే అసలు ట్రాక్టరు అనే యంత్రం ఆ సైజులో ఎందుకు తయారైందో తెలియాలి. అది ఇంజనీర్ల కథ అనుకుంటాం. కాదు. ఒక దేశంలో భూమి ఎవరి చేతిలో ఉందో, ఆ చేతికి సరిపడేట్టుగానే ఆ దేశంలో ట్రాక్టరు తయారవుతుంది. ఈ భాగంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. చివర్లో కొనబోయేవాళ్లకు పనికొచ్చే లెక్కలు కూడా ఉన్నాయి. మీ ఇంట్లో, మీ వాడలో ఎవరైనా ఆ ఆలోచనలో ఉంటే వాళ్లకు చదివి వినిపించండి.

1. బాబాసాహెబ్ 1918లోనే వేసిన లెక్క

అంబేడ్కర్ అనగానే మనకు రాజ్యాంగం గుర్తొస్తుంది, కులనిర్మూలన గుర్తొస్తుంది. వ్యవసాయ ఆర్థికవేత్త అంబేడ్కర్‌ని మన విద్యార్థులు కూడా పెద్దగా చదవరు. 1918లో, 27 ఏళ్ల వయసులో, ఆయన భారతదేశంలోని చిన్న కమతాల మీద ఒక వ్యాసం రాశారు. అప్పట్లో మేధావులందరూ ఒకటే పాట పాడుతున్నారు: కమతాలు మరీ చిన్నవైపోయాయి, అందుకే రైతు పేదవాడు, కాబట్టి కమతాల్ని కలిపి పెద్దవి చేయాలి.

అంబేడ్కర్ ఆ వాదాన్ని తలకిందులు చేశారు. కమతం లాభసాటిదా కాదా అన్నది దాని విస్తీర్ణం ఒక్కటే చెప్పదు. భూమికీ, దాని మీద పెట్టే శ్రమకూ, పెట్టుబడికీ, పనిముట్లకూ మధ్య ఉండాల్సిన పాళ్లు చెబుతాయి అన్నారు. నాగలి లేదు, ఎడ్లు లేవు, డబ్బు లేదు. అలాంటప్పుడు ఉన్న కమతం చిన్నది కాదు, రైతు దగ్గరున్న పనిముట్లకు అది పెద్దదే అవుతుంది. భూమిని పెంచితే సమస్య ఇంకా పెరుగుతుంది. వ్యవసాయం మీద పడ్డ మిగులు జనాన్ని పరిశ్రమల్లోకి మళ్లించాలన్నది ఆయన చూపిన దారి.

వందేళ్లు దాటింది. ఈ వాదాన్ని మన వాడకు తెచ్చుకుని చూడండి. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు. ఎస్సీల సగటు 0.78 హెక్టార్లు, అంటే రెండెకరాల లోపే. ఆ రెండెకరాల్ని కూడా అదునులో దున్నుకోలేకపోతే అది మనకు పెద్ద కమతమే. ఆ రెండెకరాల మీదికి 45 హెచ్‌పీ ట్రాక్టరు అప్పు తెచ్చి పెడితే మాత్రం అదే భూమి ఒక్కసారిగా చిన్నదైపోతుంది. పాళ్లు రెండు వైపులా తప్పుతాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితోనే పని.

2. అరక వెనుక నడిచినవాడు, అరక లేనివాడు

ట్రాక్టరుకు ముందు అరక. ఎడ్లు, కాడి, నాగలి. ఎడ్ల సేద్యాన్ని మన సాహిత్యం చాలా అందంగా వర్ణించింది. ఆ అందంలో కనిపించని మనిషి ఒకడున్నాడు. బావిలోంచి నీళ్లు తోడే మోట తోలుది. రాయలసీమలో దాన్ని కపిల అంటారు. ఆ తోలు బొక్కెన, దాని తొండం, వార్లు, చర్నాకోల, దున్నేవాడి కాలి చెప్పులు, అన్నీ మాదిగవాడలో తయారైనవే. పంట కోసిన రోజు కళ్లం దగ్గర కొలిచిచ్చే మేర దానికి కూలి. కొలిచేవాడి దయ మీద ఆధారపడిన కూలి.

ఇక అరక నడిపేది ఎవరు? ఆంధ్రలో పాలేరు, తెలంగాణలో జీతగాడు. ఎక్కువమంది మాలమాదిగ పిల్లలే. తండ్రి చేసిన అప్పుకు కొడుకు జీతం ఉండటం, ఆ కొడుకు పెళ్లికి చేసిన అప్పుకు మళ్లీ వాడి కొడుకు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో గానీ రాలేదు.

ఇందులో అందరూ మరచిపోయే విషయం ఒకటుంది. దళితుడికి చెక్కముక్కంత భూమి ఉన్నా ఎడ్లు ఉండేవి కావు. దొర ఎడ్లనో, ఆసామి ఎడ్లనో అడుక్కోవాలి. వాన పడ్డాక నేలలో పదును రెండు మూడు రోజులే ఉంటుంది. ఆ రెండు మూడు రోజులూ ఎడ్లు ఆసామి చేలోనే ఉంటాయి. నడిపేది మనవాడే, దున్నేది పరాయి చేను. తన చేనుకు ఎడ్లొచ్చేసరికి పదును ఆరిపోతుంది. గట్టిపడ్డ నేలలో ఆలస్యంగా వేసిన విత్తనం ఎలా మొలుస్తుందో చెప్పక్కర్లేదు. ఆ పంట పోతే "వాళ్లకి సేద్యం రాదు" అన్నారు.

సేద్యం రాకపోవడం కాదు. పదును మన చేతిలో లేదు. ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాక కూడా చాలా ఊళ్లలో ఈ వరస మారలేదు. వాన పడగానే ట్రాక్టరు ముందు ఓనరు చేలోకి, తర్వాత ఆయన బంధువుల చేలల్లోకి, ఆ తర్వాత పెద్ద కమతాల్లోకి, చివరికి మన ఎకరంలోకి. నడిపే డ్రైవరు మళ్లీ మనవాడే.

3. భూమి పంచిన దేశంలో ట్రాక్టరు చిన్నదైంది

ఇప్పుడు కాసేపు జపాన్ వెళ్దాం. దారి తప్పడం కాదు. ఈరోజు మన చిన్న ట్రాక్టర్లలో చాలావాటి వంశవృక్షం అక్కడిదే.

రెండో ప్రపంచయుద్ధం ముగిసేనాటికి జపాన్‌లో సాగుభూమిలో దాదాపు 46 శాతం కౌలుదారుల చేతిలో ఉంది. అమెరికా ఆక్రమణ కాలంలో, 1946 చట్టంతో, ఊళ్లో ఉండని భూస్వాముల భూమిని ప్రభుత్వం మొత్తంగా కొనేసింది. ఊళ్లో ఉన్న భూస్వామి కౌలుకిచ్చుకోగలిగింది దాదాపు ఒక హెక్టారు. ఉత్తరాన హొక్కైడోను మినహాయిస్తే సొంత సాగుతో కలిపి హద్దు మూడు హెక్టార్లు. నాలుగైదేళ్లలో కౌలు భూమి 10 శాతానికి పడిపోయింది. అయితే జపాన్‌నీ మరీ ఆకాశానికెత్తొద్దు. అక్కడా తోలు పని చేసిన అంటరాని జనం ఉన్నారు, బురాకుమిన్. 1922లోనే తమ విముక్తి కోసం సుయిహెయిషా అనే సంఘం పెట్టుకున్నవాళ్లు. మరీ చిన్న చెక్కల మీద బతికిన వాళ్లదాకా ఆ భూసంస్కరణ సమానంగా చేరలేదు.

అయినా ఒక పెద్ద మార్పు జరిగింది. దేశం నిండా హెక్టారు, అర హెక్టారు సొంత భూమి ఉన్న రైతులు తయారయ్యారు. యంత్రాల కంపెనీలకు ఇక వేరే దారి లేదు. ఈ రైతుకు నచ్చేది చేస్తేనే అమ్ముడవుతుంది. యన్మార్ కంపెనీ 1933లోనే చిన్న డీజిల్ ఇంజన్ చేసి పెట్టింది. 1950లలో చేత్తో పట్టుకుని నడిచే పవర్ టిల్లర్లు ఊరూరా వచ్చాయి. 1960లో కుబోటా చిన్న ట్రాక్టరు తెచ్చింది. చిన్న మడిలో తిరగాలి, బురదలో దిగబడకూడదు, ఇంట్లో ఆడవాళ్లు కూడా నడపగలగాలి. చిన్న ట్రాక్టరు ఇలా పుట్టింది. దాన్ని పుట్టించింది భూసంస్కరణ.

ఇందులో ఒక ఎగతాళి కూడా ఉంది. 1969లో కుబోటా 21 హెచ్‌పీ ట్రాక్టరును అమెరికాలో అమ్మడం మొదలుపెట్టింది. అక్కడ దానికి కాంపాక్ట్ ట్రాక్టర్ అని పేరొచ్చింది. కౌలుదారుడు ఆసామి అయినందువల్ల పుట్టిన యంత్రం, అక్కడ పెద్ద ఇళ్ల చుట్టూ గడ్డి కోసుకునే సరదా సామాను కూడా అయింది.

4. భూమి పంచని దేశంలో ఏమైంది?

జపాన్ భూసంస్కరణను రూపొందించినవాళ్లలో వోల్ఫ్ లాడెజిన్‌స్కీ అనే అమెరికన్ ఉన్నాడు. ఉక్రెయిన్‌లో పుట్టినవాడు. ఆయన తర్వాత మన దేశానికి వచ్చాడు. 1960లలో ప్రణాళికా సంఘం కోసం ప్యాకేజీ జిల్లాల్లో కౌలు పరిస్థితుల్ని పరిశీలించాడు. ప్యాకేజీ జిల్లాలంటే విత్తనం, ఎరువు, అప్పు అన్నీ ఒకచోట గుమ్మరించి దిగుబడి పెంచాలని కేంద్రం ఎంచుకున్న జిల్లాలు. ఆయన చూసినవాటిలో పంజాబ్‌లోని లూధియానా ఉంది, తమిళనాడులోని తంజావూరు ఉంది, మన పశ్చిమ గోదావరి కూడా ఉంది. అక్కడ కనిపించినవి నోటి కౌళ్లు, కాగితం మీద లేని కౌలుదారులు. భూమి మీద హక్కు లేనివాడికి అప్పు పుట్టదు, అప్పు లేనివాడికి కొత్త విత్తనం అందదు. 1969లో పంజాబ్ గురించి రాస్తూ, కొత్త సేద్యం లాభసాటి కావడంతో యజమానులు కౌలుదారుల్ని వదిలించుకుని భూమిని తామే చేసుకోవాలని చూస్తున్నారని హెచ్చరించాడు.

ఇక్కడ ఒక తెలుగు మాట గురించి చెప్పాలి, నా పని అదే కాబట్టి. "దున్నేవాడిదే భూమి" అని నినాదం ఇచ్చాం. చట్టం కూడా స్వయం సాగును గౌరవించింది. కానీ దున్నేవాడంటే ఎవరు? అరక రోజుల్లో ఆసామి గట్టు మీద, పాలేరు చాలులో. ఎవరు దున్నుతున్నారో కంటికి కనిపించేది. ట్రాక్టరు వచ్చాక ఐదుగురు జీతగాళ్లూ ఇద్దరు కౌలుదారులూ చేసే పని ఒక డ్రైవరు చేస్తాడు. ఆసామి ఏనాడూ మట్టి ముట్టకుండానే "స్వయం సాగుదారు" అయిపోయాడు. యంత్రం ఆయన్ని దున్నేవాడిని చేసింది. నిజంగా దున్నినవాడు కూలి అడ్డా మీద నిలబడ్డాడు.

తేదీలు పక్కపక్కన పెట్టి చదవడం నేర్చుకుందాం. 1968 ఫిబ్రవరిలో కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే దళిత పాలేరును దొంగతనం అంటగట్టి సజీవంగా తగలబెట్టారు. ఆ మరుసటి నెలే, 1968 మార్చిలో, విలియం గాడ్ అనే అమెరికా అధికారి మన దేశాల్లో వస్తున్న సేద్యపు మార్పుకు "హరిత విప్లవం" అని పేరు పెట్టాడు. అదే ఏడాది డిసెంబర్ 25న, ప్యాకేజీ జిల్లా తంజావూరులోని కీళ్‌వెణ్మణిలో, కూలి పెంచమన్నందుకు 44 మంది దళితుల్ని గుడిసెలో కాల్చి చంపారు. పాఠ్యపుస్తకంలో హరిత విప్లవం పాఠం ఉంటుంది. ఈ మూడు తేదీలూ ఒకే పేజీలో ఉండవు.

ఆంధ్రప్రదేశ్‌లో భూపరిమితి చట్టం 1973లో వచ్చి 1975 జనవరి 1 నుంచి అమలైంది. అప్పటికి భూములు బంధువుల పేర్ల మీదికి, బినామీల పేర్ల మీదికి సర్దుకున్నాయి. మిగిలింది బంజరు, గుట్టబోరు. మనకు పట్టాలిచ్చింది ఎక్కువగా వాటికే.

5. పంజాబ్ కొలతలో కుట్టిన చొక్కా

ఇలాంటి దేశంలో ఎలాంటి ట్రాక్టరు తయారవుతుంది? 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్ కంపెనీ దేశంలో తయారైన మొదటి ట్రాక్టరును బయటికి తెచ్చింది. 1960ల మొదట్లో మద్రాసులో టాఫే, ఆ తర్వాత మహీంద్రా వచ్చాయి. 1965లో దుర్గాపూర్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎంఈఆర్ఐలో మన ఇంజనీర్లు విదేశీ సాయం లేకుండా చిన్న రైతు కోసం 20 హెచ్‌పీ ట్రాక్టరు నమూనాకు శ్రీకారం చుట్టారు. దాన్నుంచే 1974లో పంజాబ్‌లో స్వరాజ్ 724 వచ్చింది. ఉద్దేశం గొప్పదే. కానీ కొనగలిగేవాడు ఎవడు? పంజాబ్, హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోని పెద్ద ఆసామి. బ్యాంకులు కూడా ట్రాక్టరు అప్పుకు ఇన్ని ఎకరాల నీటివసతి భూమి ఉండాలని హద్దు పెట్టాయి. ఆ హద్దు దగ్గరే మన జనం ఆగిపోయారు. మార్కెట్టు పెద్ద ట్రాక్టరు వైపు నడిచింది. ఈరోజుకీ దేశంలో అమ్ముడయ్యేవాటిలో సింహభాగం 31 నుంచి 50 హెచ్‌పీ మధ్యవే. అవి పంజాబ్ కొలతలో కుట్టిన చొక్కాలు.

చిన్న రైతు ఏం చేశాడు? తనే కుట్టుకున్నాడు. గుజరాత్ అమ్రేలీ జిల్లాలో మన్సుఖ్‌భాయ్ జగానీ 1994లో ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ బండి వెనక చక్రం తీసి, రెండు చక్రాలూ గుంటకా బిగించి "బుల్లెట్ సంతి" చేశాడు. కరువుతో ఎడ్లు పోయిన సౌరాష్ట్రలో అది పాకిపోయింది. కంపెనీలకు అప్పుడు కళ్లు తెరుచుకున్నాయి. 2010 తర్వాత మహీంద్రా 15 హెచ్‌పీ సింగిల్ సిలిండర్ యువరాజ్ వచ్చింది. 2021లో 11 హెచ్‌పీ స్వరాజ్ కోడ్ వచ్చింది. బెంగళూరు వీఎస్టీ కంపెనీ అయితే జపాన్ మిత్సుబిషి పరిజ్ఞానంతో పవర్ టిల్లర్లూ 18 హెచ్‌పీ చిన్న ట్రాక్టర్లూ అంతకు చాలాముందు నుంచే చేస్తోంది.

2023 ఆగస్టు 15న మహీంద్రా "ఓజా" అనే చిన్న ట్రాక్టర్ల వరసను ప్రకటించింది. 20 నుంచి 40 హెచ్‌పీ, నాలుగు చక్రాలూ తిరిగే రకం. జపాన్‌లోని మిత్సుబిషి మహీంద్రా ఇంజనీర్లతో కలిసి రూపొందించింది. తయారయ్యేది ఎక్కడో తెలుసా? మన జహీరాబాద్‌లో.

జహీరాబాద్ అంటే మనకు ఇంకోటి కూడా గుర్తురావాలి. ఆ పక్కనే పస్తాపూర్ ఉంది. నలభై ఏళ్లుగా డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో దళిత స్త్రీలు ఎర్రనేలల్లో జొన్న, కొర్ర, సామ, కంది, అనుము ఒకే చేలో కలిపి పండిస్తున్నారు. విత్తనం వాళ్ల ఇంట్లోనే దాచుకుంటారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వాళ్లకొచ్చింది. జపాన్ భూసంస్కరణ పుట్టించిన యంత్రం ఇప్పుడు వాళ్ల గడపలో తయారవుతోంది. కానీ పది రకాలు కలిసి మొలిచిన ఆ చేను మధ్యలోకి ఏ ట్రాక్టరూ పోలేదు, పోనక్కర్లేదు కూడా. ట్రాక్టరు కొనడమే అభివృద్ధి అనుకోకూడదని ఆ చేలు మనకు చెబుతున్నాయి.

6. ఇప్పుడు కొనాలంటే

తెలంగాణలో 2014 ఆగస్టు 15న భూమిలేని దళితులకు మూడెకరాలు, అదీ స్త్రీల పేరు మీద ఇచ్చే పథకం మొదలైంది. అందింది కొద్దిమందికే. 2021లో దళితబంధు పది లక్షలు వచ్చినప్పుడు కార్లు, సరుకు బండ్లతో పాటు ట్రాక్టర్లు కోరుకున్నవాళ్లూ ఉన్నారు. "వీళ్లకు ట్రాక్టర్లెందుకు" అని వెక్కిరించినవాళ్లూ ఉన్నారు. వెక్కిరింతకు జవాబుగా పెద్ద ట్రాక్టరు కొనొద్దు. ఆ కోరికను నేను తక్కువ చేయట్లేదు. వీధిలో చెప్పులేసుకుని నడిస్తే కొట్టిన ఊళ్లో ఎత్తైన సీటు మీద కూర్చుని పోవాలనుకోవడం ఆత్మగౌరవమే. కానీ కిస్తీ కట్టలేక ఫైనాన్సువాడు వాడ మధ్యలోంచి బండి లాక్కెళ్లిన రోజున పోయేది కూడా ఆ ఆత్మగౌరవమే.

మొదటి లెక్క గంటలది. చిన్న ట్రాక్టరుతో ఒక ఎకరానికి ఒక పంటకు దుక్కి, రోటవేటరు, గుంటక అన్నీ కలిపి పది గంటలు అనుకుందాం. మూడెకరాలు, రెండు పంటలు అంటే ఏడాదికి 60 గంటలు. ఉదాహరణకు కిస్తీ, మరమ్మతు, బీమా కలిపి ఏడాదికి 1,20,000 రూపాయలు అవుతుందనుకోండి. 60 గంటలే నడిస్తే గంటకు 2,000 పడుతుంది, డీజిల్ కాకుండానే. అదే 400 గంటలు నడిస్తే గంటకు 300. మీ ఊరి కిరాయి రేటు పక్కన ఈ అంకె పెట్టి చూడండి. ఒంటరిగా మూడెకరాల కోసం కొంటే ఏ ట్రాక్టరూ గిట్టదు. మిగతా 340 గంటలు ఎవరి చేలో నడుస్తుంది? ఊరి ఆసాములు మన బండిని పిలుస్తారా, పిలిస్తే డబ్బులు ఎప్పుడిస్తారు? పంట అమ్మాక ఇస్తామంటే తట్టుకోగలమా? కొనకముందే వేసుకోవాల్సిన ప్రశ్నలివి.

రెండో లెక్క పనిది. పత్తి, కూరగాయలు, తోటల్లో సాళ్ల మధ్య అంతరసేద్యమే ముఖ్యమైతే 11 నుంచి 15 హెచ్‌పీ చాలు. మూడడుగుల రోటవేటరు లాగుతుంది. చక్రాల మధ్య దూరం మీ సాళ్లకు సరిపోతుందో లేదో టేపు పెట్టి కొలవండి. మొక్క ఎదిగాక కింద తగలకుండా ఎత్తు ఉందో లేదో చూడండి. వరి దమ్ము చేయాలంటే 20 నుంచి 28 హెచ్‌పీ, నాలుగు చక్రాలూ తిరిగేది మేలు. తేలికగా ఉంటే లోతు మడిలో దిగబడదు. 35 పైన వెళ్లాలంటే కిరాయి దుక్కులూ ట్రాలీ రవాణా ఏడాది పొడవునా ఖాయంగా ఉండాలి.

"చిన్నదాంతో ఏం దున్నుతావు" అనేవాళ్లకు ఒక చరిత్ర ముక్క చెప్పండి. బరువే బలం అనుకునే రోజుల్లో హ్యారీ ఫెర్గూసన్ అనే ఐర్లండ్ మెకానిక్ మూడు చోట్ల బిగించే హైడ్రాలిక్ లింకేజీ కనిపెట్టాడు. నాగలి మీద పడే ఒత్తిడే వెనక చక్రాలకు పట్టునిస్తుంది. 1946–56 మధ్య ఇంగ్లండ్‌లో 20 పైచిలుకు హెచ్‌పీ ఉన్న ఆయన ట్రాక్టర్లు ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. ఒక తరం బ్రిటిష్ రైతులు వాటితోనే పొలాలు దున్నారు. మన మాస్సీ ఫెర్గూసన్‌లో ఉన్న పేరు ఆయనదే.

మూడో లెక్క కాగితాలది. బానెట్ మీద రాసే హెచ్‌పీ ఇంజన్‌ది. రోటవేటరును తిప్పేది పీటీఓ దగ్గర అందే హెచ్‌పీ, అది తక్కువ ఉంటుంది. మధ్యప్రదేశ్‌లోని బుద్నీ ప్రభుత్వ కేంద్రం ట్రాక్టర్లను పరీక్షించి నివేదికలిస్తుంది. డీలరును ఆ నివేదిక అడగండి. పీటీఓ శక్తి, ఎత్తే బరువు, డీజిల్ ఖర్చు అందులో ఉంటాయి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ సంస్థలో యంత్రాల మీద శిక్షణ దొరుకుతుంది. పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని పంపండి. మెకానిక్కు ఎంత దూరంలో ఉన్నాడన్నది కంపెనీ పేరు కంటే ముఖ్యం. వాన పడ్డ రోజు బండి ఆగితే పదును ఆగదు.

నాలుగోది డబ్బు. వ్యవసాయ యాంత్రీకరణ ఉపపథకం కింద ఎస్సీ, ఎస్టీ, సన్న చిన్నకారు, మహిళా రైతులకు పరిమితికి లోబడి 50 శాతం దాకా రాయితీ ఉంటుంది, మిగతావాళ్లకు 40 శాతం. మీ మండల వ్యవసాయాధికారి దగ్గర ఆ ఏడాది కేటాయింపు ఉందో లేదో తెలుసుకుని, అప్లికేషన్ ఇచ్చి, రసీదు తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు మీ కొటేషన్లో కనిపించాలి. అసైన్డ్ భూమి అని బ్యాంకు వెనక్కి పంపితే 1977 అసైన్డ్ భూముల చట్టం 6వ సెక్షన్ చూపించండి. బ్యాంకులకు, సహకార సంఘాలకు తనఖా పెట్టిన భూమికి ఆ చట్టం నిషేధం వర్తించదు. నెలనెలా కాకుండా పంటకోసారి కట్టే కిస్తీ అడగండి. ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టొద్దు. భూమి అమ్మ పేరు మీదుంటే బండి ఆర్సీ కూడా అమ్మ పేరు మీదే ఉండాలి.

ఐదోది ప్రాణం. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర, అదే ఏడాది జూన్‌లో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర, కూలికి వెళ్తున్న స్త్రీలున్న ట్రాక్టర్లు కాలువల్లో పడ్డాయి. తెల్లారి సద్ది కట్టుకుని బయల్దేరిన ఆడవాళ్లు ఇంటికి రాలేదు. ట్రాలీ సరుకుకు చేసింది, మనుషులకు కాదు. మనం ఓనర్లమైన రోజున కూడా మన ఆడవాళ్లను అలాగే ఎక్కిస్తే మనకూ పాత ఆసామికీ తేడా ఏమిటి?

7. ఒకరి పేరు మీద కాదు

1947లో "రాష్ట్రాలు – మైనారిటీలు" పత్రంలో అంబేడ్కర్ వ్యవసాయాన్ని ప్రభుత్వ పరిశ్రమ చేయాలన్నారు. భూమి ప్రభుత్వానిది, సాగు ఊరి కుటుంబాలు కలిసి చేసేది, పనిముట్లూ ఎడ్లూ ఎరువూ విత్తనమూ ప్రభుత్వం సమకూర్చేది. ఆ ప్రతిపాదన రాజ్యాంగంలోకి రాలేదు. 1918లో ఆయన చెప్పిన పాళ్ల లెక్కనూ ఈ సమష్టి సాగునూ కలిపి చదివితే మన వాడకు ఒక దారి కనిపిస్తుంది.

ఆరు కుటుంబాలు, ఒక్కొక్కరికి రెండు మూడెకరాలు. కలిపి పదిహేను ఎకరాలు. రెండు పంటలకు సొంత పనే దాదాపు 300 గంటలు. ఇంకో వంద గంటలు వాడలోని మిగతావాళ్ల చేలల్లో నడిస్తే ఇందాకటి 400 గంటల లెక్క నిండుతుంది. ఆసామి పిలుపు కోసం ఎదురుచూడక్కర్లేదు. మొదటి ట్రాక్టరు ఇలా కొనాలన్నది నా అభిప్రాయం. అయితే ప్రేమల మీద, చుట్టరికాల మీద నడపొద్దు. కాగితం రాసుకోండి. వాన పడితే మొదట ఎవరి చేను, తర్వాత ఎవరిది? ఏటా ఆ వరస ఎలా మారుతుంది? డీజిల్ ఎవరు పోయాలి, డ్రైవరు కూలి ఎంత, మరమ్మతు నిధికి గంటకు ఎంత, ఒకరు విడిపోతే వాటా ఎలా తీర్చాలి? ఒంటరి స్త్రీ చేను వరసలో ముందుండాలని కూడా రాయండి. ఇవన్నీ రాసుకున్నాకే షోరూముకు వెళ్లండి.

మన తాతల చేలకు అరక చివర్లో వచ్చేది. మన నాన్నల చేలకు ట్రాక్టరు చివర్లో వచ్చింది. కొనబోయే బండి 15 హెచ్‌పీదా 24 హెచ్‌పీదా అన్నది మీ నేల, మీ పంట చెబుతాయి. వాన పడ్డ మర్నాడు పొద్దున అది ఎవరి చేలో ఉంటుందన్నది మాత్రం మనం చెప్పాలి.

వచ్చే భాగంలో: బోరు, మోటారు, నీళ్ల మీద కులం.

జై భీమ్.